పోలికకు ఒక ఊరు కావాలి

ఏప్రిల్ వచ్చిందంటే అమెరికాలోని తెలుగు ఇళ్లలో ఏపీ పరీక్షల హడావిడి మొదలవుతుంది. హైస్కూల్లో ఉండగానే కాలేజీ స్థాయి చదువు చదివి రాసే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలివి. వీటిని నడిపే కాలేజ్ బోర్డ్ జాబితాలో తెలుగు లేదు. అందుకని మన పిల్లలు చాలామంది స్పానిష్ తీసుకుంటారు. ఆ స్పానిష్ పరీక్ష 2014 మే నుంచి కొత్త రూపంలోకి వచ్చింది. అప్పుడు చేరిందే సాంస్కృతిక పోలిక. ప్రశ్న చదువుకుని ఆలోచించుకోవడానికి 4 నిమిషాలు, మాట్లాడడానికి 2 నిమిషాలు ఇస్తారు. స్పానిష్ మాట్లాడే ఏదో ఒక ప్రాంతపు జీవితాన్ని తనదైన సమాజంతోనో, తనకు బాగా తెలిసిన మరో సమాజంతోనో పోల్చి చెప్పాలి. మొత్తం మార్కుల్లో దీని వాటా 12.5 శాతం.

ఈ రెండు నిమిషాలకు ఎలా తయారవ్వాలన్న దాంట్లో ట్యూషన్ చెప్పేవాళ్లదీ, తల్లిదండ్రులదీ, నిరుడు పరీక్ష రాసిన అక్కలదీ అన్నలదీ ఒకటే మాట. ఒక మూస వాక్యాల చట్రం బట్టీ పట్టు. స్పెయిన్ గురించి నాలుగు ముక్కలు, మెక్సికో గురించి నాలుగు ముక్కలు గుర్తు పెట్టుకో. నీ సమాజం అన్నచోట అమెరికా అను, లేదంటే ఇండియా అను. దీపావళి, ఉమ్మడి కుటుంబం, పెద్దల పట్ల గౌరవం చెప్పి దిగిపో. పల్లెటూళ్ల జోలికి పోవద్దు. పరీక్షకుడికి అవి తెలియవు, మార్కులు పోతాయి.

ఈ మాట తప్పు. మార్కుల లెక్కన చూసినా తప్పే, చదువు లెక్కన చూసినా తప్పే. పిల్లలకు జరిగే నష్టం లెక్కన చూస్తే అంతకన్నా పెద్ద తప్పు. అనంతపురం జిల్లా రాప్తాడులో కూర్చుని నేనీ మాట అంటున్నాను. ఎందుకంటున్నానో చెబుతాను.

నిరుడు ఏప్రిల్ చివర్లో ఒకనాటి పొద్దున మా అక్క కూతురు డల్లాస్ దగ్గర్నుంచి వీడియో కాల్ చేసింది. వాళ్లకది రాత్రి. "మామా, ఒక్కసారి వింటావా" అని, గడియారం పెట్టుకుని రెండు నిమిషాలు స్పానిష్‌లో గడగడా అప్పజెప్పింది. ఏం చెప్పావని అడిగితే తెలుగులో చెప్పింది. తన సమాజంలో కుటుంబం చాలా ముఖ్యమట. స్పెయిన్‌లోనూ కుటుంబం చాలా ముఖ్యమట. తన సమాజంలో పండగలకు అందరూ కలుస్తారట. స్పెయిన్‌లోనూ కలుస్తారట. కాబట్టి రెండు సంస్కృతుల మధ్య పోలికలూ ఉన్నాయి, తేడాలూ ఉన్నాయి అని ముగింపు. "నీ సమాజం అంటే ఎవరమ్మా?" అని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అది ఏదైనా పెట్టుకోవచ్చు మామా, సార్ చెప్పాడు" అంది.

ఏదైనా పెట్టుకోగలిగేది ఎవరి సమాజమూ కాదు. ఆ రెండు నిమిషాల్లో స్పెయిన్ పేరు తీసేసి జపాన్ పేరు పెట్టినా ఒక్క వాక్యం మార్చాల్సిన పని లేదు. అలాంటప్పుడు పిల్ల పోల్చిందేమిటి?

ఆ సమయానికి మా అమ్మ వసారాలో చాప మీద కూర్చుని విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తోంది. పక్కన గిన్నెలో నీళ్లు. గుప్పెడు కాయలు తడిపి, మెత్తబడ్డాక బొటనవేలితో నొక్కి గింజ తీసి చేటలో వేస్తోంది. ఫోన్ అటు తిప్పాను. "అవ్వా, మిషన్ లేదా?" అని అడిగింది పిల్ల. మా అమ్మ తలెత్తకుండానే చెప్పింది: "మిషన్లో ఏస్తే పొర లేచిపోతాది అమ్మీ. పొర లేచిన గింజ మొలిచేది లేదు. తినేదానికైతే మిషను, ఇత్తనానికైతే చెయ్యి." పిల్ల ఇంకా అడిగింది. ఎప్పుడు విత్తుతారు? "పదునైనప్పుడు." పదునంటే? మా అమ్మ ఒలిచేది ఆపి, పిడికిలి మూసి తెరిచి చూపించింది. "మట్టి పిడికిట్లో పడితే ముద్ద కావల్ల, ఏలితో తాకితే ఇడిపోవల్ల. అదీ పదును."

ఆ మాట పట్టుకుని నేను వెతికాను. స్పానిష్‌లో దానికి సరిగ్గా సరిపోయే మాట ఉంది: తెంపేరో. వాన పడ్డాక నేల విత్తనానికి తగిన తేమతో సిద్ధంగా ఉన్న స్థితిని స్పెయిన్ మెట్టరైతు ఆ పేరుతో పిలుస్తాడు. వేల మైళ్ల దూరంలో, ఒకరి ముఖం ఒకరు ఎరగని రెండు రైతుజాతులు వాన కోసం ఎదురుచూసి, నేలను చేత్తో పట్టి చూసి, ఆ ఒక్క స్థితికి విడిగా పేరు పెట్టుకున్నాయి. పోలిక అంటే ఇది. ఇది ఏ చట్రంలోనూ దొరకదు. వసారాలో దొరికింది.

ఇప్పుడు బట్టీ పట్టమనేవాళ్ల వాదనలు ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది, మూస వాక్యాల వాదన. ఇందులో కొంత నిజం ఉంది, ఒప్పుకోవాలి. రెండు నిమిషాలు చాలా తక్కువ. "దీనికి భిన్నంగా", "అదే విధంగా", "ఇందుకు కారణం" లాంటి కలుపు మాటలు నాలిక మీద ఆడకపోతే ఎంత తెలిసినా చెప్పలేం. గడియారం పెట్టుకుని సాధన చేయాల్సిందే. కానీ అవి దూలాలూ వాసాలూ మాత్రమే. ఇంట్లో మనుషులు లేకుండా దూలాలు లెక్కపెట్టుకుని ఏం లాభం? మార్కులు వేసే పద్ధతే చూడండి. పోలిక స్పష్టంగా ఉందా, దానికి వివరాలూ ఉదాహరణలూ ఉన్నాయా, స్పానిష్ సమాజం గురించి అవగాహన కనిపిస్తోందా, మాటకు ఒక క్రమం ఉందా అని చూస్తారు. వివరాలు, ఉదాహరణలు అన్నవే అసలు సరుకు. "కుటుంబం ముఖ్యం" అన్నది వివరమూ కాదు, ఉదాహరణా కాదు. మూస వల్ల భద్రత వస్తుందని నమ్మి పిల్లలు సరుకునే వదిలేస్తున్నారు.

రెండోది, పెద్ద పేర్ల వాదన. ఇండియా అను, దీపావళి అను, అందరికీ తెలుస్తుంది అంటారు. నూట నలభై కోట్ల మందిని ఒక్క వాక్యంలో చెప్పబోతే ఏ ఒక్కరి గురించీ చెప్పలేం. అదే ఒక ఊరు పట్టుకుంటే దాని వెనక కారణం దొరుకుతుంది. కారణం దొరికితేనే పోలిక నిలబడుతుంది.

నీళ్ల సంగతే తీసుకుందాం. స్పెయిన్‌లోని వలెన్సియాలో ప్రతి గురువారం మధ్యాహ్నం 12 గంటలకు పెద్ద చర్చి గుమ్మం ముందు నీళ్ల న్యాయస్థానం కూర్చుంటుంది. తూరియా నది నుంచి తీసిన 8 కాలువల తరఫున రైతులు ఎన్నుకున్న రైతులే అందులో న్యాయమూర్తులు. వాదన అంతా నోటిమాటే. అక్కడికక్కడే తీర్పు, దాని మీద అప్పీలు లేదు. శతాబ్దాల నాటి ఈ పద్ధతిని 2009లో యునెస్కో మానవజాతి వారసత్వంగా గుర్తించింది.

మన వైపు చూడండి. అనంతపురానికి ఆనుకుని ఉన్న బుక్కరాయసముద్రం చెరువు విజయనగర కాలంలో పండమేరు నీళ్లకు కట్ట వేసి కట్టింది. ఇలాంటి ప్రతి చెరువు కిందా నీరుగంటి ఉండేవాడు. ఏ పొద్దు తూము ఎత్తాలో, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో అతను చెప్పిందే లెక్క. అతని కష్టానికి రైతులు కళ్లంలోనే గింజలు కొలిచేవారు. కాగితం లేదు, ముద్ర లేదు. నీళ్లు కరువైనచోట నోటిమాటకే చట్టమంత విలువ వచ్చిందన్నది ఇద్దరిలోనూ ఒకే పోలిక.

మరి తేడా? వలెన్సియా సభ నేటికీ గురువారం గురువారం కూర్చుంటోంది. మా నీరుగంటి చాలా ఊళ్లలో పేరుగానే మిగిలాడు. కారణం బోరుబావి. చెరువు నీళ్లు ఊరందరివి కాబట్టి పంచే మనిషి అవసరమయ్యాడు. బోరు నీళ్లు మోటారు ఉన్నవాడివి, పంచే పనే లేదు. ఈ ఒక్క ఉదాహరణలో పోలికా, తేడా, కారణం మూడూ ఉన్నాయి. రెండు నిమిషాలకు సరిపోగా ఇంకా మిగులుతుంది. దీపావళి వాక్యంలో ఇవి ఎక్కడున్నాయి?

మూడోది నాకు ఎక్కువ బాధ కలిగించే వాదన. కరువు ఊరి గురించి చెప్పుకోవడం నామోషీ అంటారు. పరీక్షలో మన పేదరికం బయట పెట్టుకోవడం ఎందుకని కొందరు తల్లిదండ్రులు నిజంగానే అడిగారు. వాళ్లలో ఈ నేల మీద పుట్టినవాళ్లూ ఉన్నారు.

కరువు సిగ్గుపడాల్సిన సంగతి కాదు, అది భూగోళం. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలావరకు కురిసేస్తాయి. ఈశాన్య మేఘాలు తూర్పు తీరంలో కురిసి మా దాకా వచ్చేసరికి సత్తువ ఉడిగిపోతాయి. రెండు రుతుపవనాలకూ చివరి బంతిలో కూర్చున్న నేల ఇది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ పడితే. పడ్డప్పుడు ఒక్కసారే పడుతుంది. 2024 అక్టోబరులో ఇదే పండమేరు పొంగి అనంతపురం శివారు కాలనీలను ముంచింది. స్పెయిన్‌లో అల్మెరియా యూరప్‌లోకెల్లా పొడి ప్రాంతాల్లో ఒకటి. అక్కడి వాన మాకన్నా తక్కువ. ఆ రైతులు ప్లాస్టిక్ పందిళ్ల కింద కూరగాయలు పండించి యూరప్ దేశాలకు పంపుతున్నారు. దానికోసం భూమిలోంచి నీళ్లు తోడి తోడి, అవి అడుగంటుతుంటే దిగులు పడుతున్నారు. మా బోర్ల కథా ఇంతే. అల్మెరియా పిల్లవాడు తన ఊరి గురించి చెప్పుకోవడానికి సిగ్గుపడడు. మన పిల్లకు మనం ఎందుకు సిగ్గు నేర్పుతున్నాం?

ఈ నేల బతుకుతెరువు వేరుశనగ కూడా ఇక్కడ పుట్టింది కాదు, దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. స్పెయిన్‌వాళ్లు మెక్సికోలో దాన్ని చూసినప్పుడు అక్కడి నావాత్ల్ భాషలో దాని పేరుకు అర్థం "నేల కకావ్". చాక్లెట్ చేసే కకావ్ గింజ వాళ్లకు తెలుసు, ఇది నేలలో కాసే కకావ్ అన్నమాట. ఆ పేరు నుంచే మెక్సికోలో కకావాతే, స్పెయిన్‌లో కకావెతే వచ్చాయి. మన పూర్వులు ఏం చేశారు? శనగ తెలుసు, ఇది వేరు దగ్గర కాసే శనగ అనుకున్నారు. వేరుశనగ. రెండు జాతులూ తెలిసిన గింజ పేరుకు నేలనో వేరునో జోడించి కొత్త గింజను ఇంట్లోకి రానిచ్చాయి. ఈ రోజు అర్జెంటీనాలోని కోర్డోబా రాష్ట్రం, మా అనంతపురం ప్రాంతం రెండూ ఈ కాయను విరివిగా పండిస్తున్నాయి. అర్జెంటీనాలో దాన్ని మనీ అంటారు. అది కరీబియన్ దీవుల భాష ఇచ్చిన పేరు. స్పానిష్ మాట్లాడే లోకం ఒకే ముక్క కాదని, ఒక కాయకే రెండు మూడు పేర్లున్న లోకమని ఈ ఒక్క ఉదాహరణతో పిల్ల చూపించగలదు. స్పానిష్ సమాజం మీద అవగాహన అంటే పరీక్షకుడు వెతికేది ఇదే.

నాలుగోది, సంస్కృతి అంటే పండగే అన్న వాదన. సరే, పండగే చెప్పండి, కానీ చూసిన పండగ చెప్పండి. మా జిల్లాలోనే నార్పల మండలం గూగూడులో మొహరం నాడు కుళ్లాయిస్వామి పీరు లేస్తుంది. హిందువులూ ముస్లిములూ కలిసి వచ్చే జాతర అది. పీరును మోసుకుని అగ్నిగుండంలో నడుస్తారు. స్పెయిన్‌లోని సోరియా ప్రాంతంలో సాన్ పెద్రో మన్రీకె అనే చిన్న ఊరుంది. అక్కడ జూన్ 23 రాత్రి, సాన్ హువాన్ పండగ ముందు, నిప్పుల మీద ఉత్తకాళ్లతో నడుస్తారు, చాలామంది వీపు మీద ఒక మనిషిని ఎక్కించుకుని మరీ.

రెండు చోట్లా నిప్పులే, రెండు చోట్లా మోసుకుని నడవడమే. అక్కడ మనిషిని మోస్తే ఇక్కడ పీరును మోస్తారు. ఇంకా లోతైన తేడా ఒకటుంది. వాళ్ల రాత్రి ఎండాకాలపు పొడుగు పగళ్లకు ముడిపడి ఏటా అదే తేదీకి వస్తుంది. మా మొహరం హిజ్రీ నెలను బట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఒక ఏడు వానలో, ఒక ఏడు చలిలో, ఒక ఏడు మండుటెండలో వస్తుంది. సూర్యుడి పండగ ఒకటి, చంద్రుడి పండగ ఒకటి. ఎనిమిదో తరగతి పిల్లకు కూడా అర్థమయ్యే ఈ తేడాను "రెండు చోట్లా పండగలు ఘనంగా జరుపుకుంటారు" అన్న వాక్యం మింగేస్తుంది.

ఐదోది, రాప్తాడుకూ స్పానిష్‌కూ సంబంధం ఏమిటన్న వాదన. ఇది ఇక్కడి చరిత్ర తెలియక అడిగే ప్రశ్న. 1920లో బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ మొదలుపెట్టాడు. మా వైపు ఆర్డీటీ అంటే తెలియని పల్లె లేదు. ఇళ్లు, బడులు, బత్తలపల్లి ఆసుపత్రి అన్నీ ఆ పనిలోంచి వచ్చాయి. 1998లో స్పెయిన్ ఆయనకు ప్రిన్స్ ఆఫ్ అస్టూరియాస్ పురస్కారం ఇచ్చింది. 2009 జూన్‌లో ఆయన అనంతపురంలోనే కన్నుమూశాడు, బత్తలపల్లిలో మట్టిలో కలిశాడు. 2010లో టెన్నిస్ ఆటగాడు రఫేల్ నదాల్ పేరిట అనంతపురంలో పేదపిల్లల కోసం టెన్నిస్ బడి తెరిచారు. మా పల్లెల పిల్లలకు స్పెయిన్ నుంచి ఉత్తరాలు వచ్చేవి. ఆ ఉత్తరాలు అనువదించడానికి మా వాళ్లే స్పానిష్ నేర్చుకున్నారు. అనంతపురంలో ఆర్డీటీ నడిపే విదేశీ భాషల బడిలో పల్లెల నుంచి వచ్చిన యువతీ యువకులు ఆ భాష చదివారు. డల్లాస్‌లో మన పిల్ల ట్యూషన్ డబ్బు కట్టి నేర్చుకుంటున్న భాష, వాళ్ల అవ్వ ఊరి పక్కన యాభై ఏళ్లకు పైగా వినిపిస్తున్న భాష.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఈ కథను "స్పెయిన్ ఇచ్చింది, అనంతపురం తీసుకుంది" అని చెబితే అది పోలిక కాదు, ఉపన్యాసం. ఫెర్రర్‌తో కలిసి కొండవాలున రాతికట్టలు వేసింది, బావులు తవ్వింది ఈ ఊళ్ల కూలీలే. ఇద్దరి పనీ చెప్పాలి. పోల్చడమంటే ఎవరు గొప్పో తేల్చడం కాదు. మన సంస్కృతే గొప్పదని చాటడానికి పిల్లల్ని పంపేవాళ్లకూ ఇదే జవాబు.

చివరిగా, న్యాయమైన ఆక్షేపణ ఒకటుంది. అమెరికాలో పుట్టిన పిల్ల రాప్తాడును తన సమాజం అని ఎలా చెప్పుకుంటుంది, అది అబద్ధం కదా అని. అబద్ధం చెప్పమని నేను ఎన్నడూ అనను. "ఇది మా అవ్వ ఊరు, సెలవుల్లో వెళ్తాను, ఆమెను అడిగి తెలుసుకున్నాను" అని చెప్పడంలో అబద్ధం లేదు. తనకు తెలిసిన మరో సమాజాన్ని తీసుకోవడానికి పరీక్షే అవకాశం ఇస్తోంది. ఇక పిల్లకు రాప్తాడు కన్నా తను పెరిగిన వీధే బాగా తెలిస్తే ఆ వీధి గురించే చెప్పనివ్వండి. కానీ నిజమైన వీధి చెప్పాలి: ఏ ఇంట్లో ఎవరున్నారు, గడ్డికి నీళ్లు ఏ రోజుల్లో పెట్టనిస్తారు, సాయంత్రం పిల్లలు ఎక్కడ కలుస్తారు. రాప్తాడైనా డల్లాస్ వీధైనా సరే, చేత్తో తాకి చూసిన స్థలం కావాలన్నదే నా వాదన.

తయారీ ఎలా ఉండాలని అడిగితే నేను చెప్పగలిగేది ఇది. మొదటి వారం స్పానిష్ పుస్తకం పక్కన పెట్టి ఇంట్లో పెద్దవాళ్లను ప్రశ్నలు అడగాలి. ఏం తింటారని కాకుండా ఎందుకలా తింటారని అడగాలి. ఎప్పటి నుంచి, ఎవరు మానేశారు, ఎందుకు మానేశారు అని అడగాలి. రెండో వారం ఆ సమాధానాల్లో ఒకటి పట్టుకుని స్పానిష్ లోకంలో దాని జోడీ వెతకాలి. దేశం పేరు చాలదు. ఊరి పేరో, ప్రాంతం పేరో దొరికేదాకా వెతకాలి. మూడో వారం ఆ జోడీని ముందు తెలుగులో రెండు నిమిషాలు చెప్పాలి. తెలుగులో చెప్పలేనిది స్పానిష్‌లో అసలే చెప్పలేరు. ఆ తర్వాతే స్పానిష్, ఆ తర్వాతే కలుపు మాటలు, ఆ తర్వాతే గడియారం. ఇలా నాలుగైదు జోడీలు చేతిలో ఉంటే కుటుంబమైనా, అందమైనా, సాంకేతికతైనా, లోకం ముందున్న సవాళ్లైనా, ఏ ప్రశ్న వచ్చినా వాటిలో ఒకటి పనికొస్తుంది. నీళ్ల జోడీ ఒక్కటే మూడు ప్రశ్నలకు సరిపోతుంది.

ఇందులో పిల్లకు మిగిలేది పరీక్షతో పోదు. మూస వాక్యాలు మే నెలాఖరుకు మరిచిపోతారు. పదును అన్న మాటకు స్పానిష్‌లో తోబుట్టువు ఉందని తెలిసిన పిల్ల దాన్ని మరిచిపోదు. తన అవ్వ చేసే పనిలో ఒక విద్య ఉందని, దాన్ని లోకం ముందు లోకభాషలో చెప్పవచ్చని తెలుసుకుంటుంది.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. ఈసారి మే పరీక్షకు పిల్ల తయారవుతున్నప్పుడు మరో ట్యూషన్ వెతక్కండి. రాప్తాడుకో, మీ ఊరు ఏదైతే ఆ ఊరికో ఫోన్ కలిపి పిల్ల చేతికివ్వండి. విత్తన కాయలు ఒలిచేది ఆ రోజుల్లోనే. అవ్వ వసారాలోనే ఉంటుంది.